తిన్నని కుట్టు చాలన్న వదిన

వదిన పోయిందని బాపట్ల కుట్టుమిషను షాపాయనకు ఫోను చేసి చెప్పింది నేనే. చుట్టాలందరికీ మావారు చెప్పుకున్నారు. సొంత అక్క కదా, ఎవరికి చేసినా మొదటి నుంచి చెప్పడం, మళ్ళీ ఏడవడం. ఈ ఒక్క ఫోను మాత్రం నన్ను చెయ్యనివ్వమన్నాను. నా గొంతు వినగానే ఆయన, "ఏంటమ్మా, మోటారు మళ్ళీ కాలిందా?" అన్నాడు. "మోటారు బానే ఉంది బాబూ. వదినే పోయింది" అన్నాను. అటువైపు షాపులో ఏదో మిషను నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. దాన్ని ఆపమని ఎవరికో చెప్పాడు. "అంత మొండి మనిషిని నేను మళ్ళీ చూడనమ్మా" అన్నాడు. "నువ్వేంటి, నేను మాత్రం చూస్తానా" అన్నాను.

పోయినవాళ్ళను దేవతలను చేసి రాయడం మనకు అలవాటు. మా వదిన దేవతేం కాదు. కూరలో ఉప్పు ఒక రవ్వ తగ్గితే పక్కింటికి వినపడేలా చెప్పేది. నాకు పెళ్ళయిన కొత్తలో ఈవిడ రేపల్లె నుంచి వస్తోందని ఉత్తరం వస్తే చాలు, నాకు గుండెల్లో రాయి పడేది. వచ్చీ రాగానే నా చీరల బీరువా తెరిచేది. ఇదేమిటి, ఆడపడుచు పెత్తనం ఇంతలా ఉంటుందా అని కుతకుతలాడిపోయేదాన్ని. ఆవిడ చూసేది పట్టుచీరలను కాదు, నేను ఇంట్లో కట్టుకునే నూలు చీరలను. కొంగు తీసి చెంపకు ఆనించుకుని, "ఇంకా రెండు వేసవులు కట్టవే. అప్పుడు నాకియ్యి" అనేది.

ఎందుకంటే ఆవిడ పని బొంతలు కుట్టడం. ఆవిడ భర్త, అంటే మా అన్నయ్యగారు, రేపల్లెలో బడిపంతులు. వాళ్ళకు పిల్లల్లేరు. మధ్యాహ్నం అంట్లు తోముకోవడం అయ్యాక వసారాలో పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, వాటి మీదే బాసిపట్టు వేసుకుని కూర్చుని చేత్తో కుట్టేది. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, లోపలికి లోపలికి వచ్చేది. మా అత్తగారు అలా నేర్పారట. "ముందు అంచు కట్టెయ్యాలే. అంచు కడితే ఇంక గుడ్డ ఎటూ పారిపోదు" అనేది. సముద్రం వైపు ఊళ్ళ నుంచి పడవల వాళ్ళ ఆడవాళ్ళు చీరలు మూటగట్టుకుని వచ్చేవాళ్ళు, మగవాళ్ళు పడవలో పరుచుకోవడానికి బొంత కావాలని. వాళ్ళతో గంటలు గంటలు కబుర్లు చెప్పేది. ఎవరి మొగుడు ఏ చేపకు వెళ్ళాడో కూడా ఆవిడకు తెలుసు.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డను కొత్త గుడ్డ మీద పడుకోబెట్టరు. ఇంటి ఆడవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన చీరలతో కుట్టిన బొంత మీదే వేస్తారు. ఆ మొదటి బొంత బిడ్డ మేనత్త కుట్టాలి. మా అమ్మాయికి వదినే కుట్టింది. ఆ అమ్మాయి పెద్దదై, బాపట్ల సంబంధం చూసినప్పుడు, అందరూ అబ్బాయి ఉద్యోగం ఏంటి, ఇల్లు సొంతమా అని అడుగుతుంటే, మా వదిన మాత్రం, "అబ్బాయికి అక్కచెల్లెళ్ళున్నారాండి?" అని అడిగింది. లేరన్నారు. అంతే, మొహం వెలిగిపోయింది. రేపు పుట్టబోయే బిడ్డకు సొంత మేనత్త లేకపోతే, తల్లికి మేనత్తగా ఆ బొంత హక్కు తనదే కదా! ఆ సంబంధం ఖాయం కావడంలో ఆవిడ సంతోషం పాలు ఎక్కువే.

అన్నయ్యగారు పోయాక కొన్నేళ్ళు ఒక్కతే రేపల్లెలో ఉంది. మా ఇంటికి రమ్మంటే, "మీ తెనాలిలో నాకేం పని?" అనేది. ఒకరోజు బిందె ఎత్తుకోబోయి పడిపోయింది. పక్షవాతం. ఎడమవైపంతా పోయింది. తెనాలి ఆస్పత్రిలో చేర్పించాం. మాట తిరిగి వచ్చింది. కాలు ఈడ్చుకుంటూ నడక కూడా వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. మావారు రేపల్లె ఇల్లు ఖాళీ చేయించి మా ఇంటికి తెచ్చేశారు. "చేసింది చాలక్కా. ఇంక కూర్చుని తిను" అన్నారు. ప్రేమతోనే అన్నారు పాపం. కానీ ఆ మాట వదినకు ముల్లులా దిగింది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఆ పడిపోయిన చేతినే పట్టుకుని చూసి, అయ్యయ్యో అని వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళాక ఆవిడ గోడవైపు తిరిగి పడుకునేది. నాతో పోట్లాడటం కూడా మానేసింది. నాకు అన్నిటికంటే అదే భయం వేసింది.

అలాంటి రోజుల్లో మా అమ్మాయికి నెల తప్పింది. ఇల్లంతా సంబరం. వదిన మాత్రం లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాను. కింద కూర్చుని, రెండు గుడ్డ ముక్కలను పీట కింద అదిమిపెట్టి, కుడిచేత్తో సూది గుచ్చుతోంది. బొంత కుట్టాలంటే పైచెయ్యి గుచ్చిన సూదిని కిందచెయ్యి అందుకోవాలి. కిందచెయ్యి ఏది? సూది జారి పోతోంది, మళ్ళీ వెతుక్కుంటోంది. నన్ను చూసి సూది విసిరికొట్టింది. "ఎందుకే నన్ను బతికించారు? మేనత్తనని చెప్పుకోడానికి నాకున్నది ఇదొక్కటే కదే" అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు. నాకూ దుఃఖం ఆగలేదు. ఏదో ఓదార్చాలి కదా అని, "దర్జీ చేత కుట్టిద్దాంలే వదినా" అన్నాను. చూసిందండీ ఒక చూపు! ఆ చూపుకి నేను గుమ్మం దాకా వెనక్కి నడిచాను.

మర్నాడు కాఫీ తాగుతూ తనే అంది. "మిషను కొందామే. నా ఒంటి చేతికి లొంగే మిషను."

మావారు గాభరాపడ్డారు. "ఒంటి చేత్తో మిషనేంటక్కా? సూది వేల్లో దిగితే?"

"దిగితే దిగనీ. అది బాగున్న చెయ్యేగా, నెప్పి తెలుస్తుందిలే" అంది వదిన.

తెనాలిలో పెద్ద షాపుకే తీసుకెళ్ళాను. వదిన చంకలో సంచీ, సంచీలో మా ఇంటి పాత బొంత. ఎందుకు వదినా అంటే, "చెప్పులు కొనడానికి కాళ్ళు తీసుకెళ్ళవా?" అంది. షాపులో కుర్రాడు మంచివాడే, పాపం. తెల్లగా మెరిసిపోయే మిషన్లు చూపించాడు. వంకర కుట్టు, పూల కుట్టు, కాజా కుట్టు, గుండ్రటి మీట తిప్పితే చాలు ఏది కావాలంటే అది వస్తుందన్నాడు. నాకైతే కళ్ళు చెదిరాయి. అమ్మాయి జాకెట్లకు పూలు కుట్టుకోవచ్చు కదా అని మనసులో ఆశ కూడా పుట్టింది. వదిన అవేవీ వినలేదు. సంచీలోంచి బొంత తీసి, "ఇది కుట్టి చూపించు నాయనా" అంది. ఆ కుర్రాడు మొహమాటపడుతూ, గుడ్డను అదిమిపట్టే మిషను పాదం ఎత్తి, బొంతను దాని కిందికి తొయ్యబోయాడు. దూరలేదు. గట్టిగా తోసి దూర్చాడు. మిషను రెండు కుట్లు వేసి మూలిగి ఆగిపోయింది.

"ఇది పీచుమిఠాయి కుడుతుంది నాయనా, బొంత కుట్టదు" అంది వదిన.

"అది కాదండి పెద్దమ్మగారూ, దీంట్లో ఎన్ని రకాల కుట్లు ఉన్నాయో చూడండి..."

"నాకు తిన్నగా ముందుకెళ్ళే కుట్టు ఒక్కటి చాలు. మిగతావి ఎవరైనా పిల్లలకివ్వు."

పక్కనే కాలితో తొక్కే మిషను ఉంటే దాని ముందు కూర్చుంది. దాని పాదం బొంతను పట్టింది, సూది కూడా దిగింది. కానీ తొక్కుడు మిషనుకు చేత్తో చక్రం తిప్పి ఊపు అందివ్వాలి, వెంటనే ఆ చెయ్యి గుడ్డ మీదికి రావాలి. ఆవిడ చెయ్యి గుడ్డ మీదికి వచ్చేలోపు చక్రం వెనక్కి తిరిగింది. దారం తెగింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ తెగింది. షాపులో వాళ్ళు నిలబడి చూస్తున్నారు. "మీకెందుకమ్మా ఈ వయసులో శ్రమ, ఇంట్లో ఇంకెవరూ లేరా?" అన్నాడు ఎవరో పెద్దాయన. నాకు ఒళ్ళు మండిపోయింది. "నేనున్నానండి, కానీ నాకు చాతకాదు" అని గట్టిగా చెప్పి వదిన చెయ్యి పట్టుకుని బయటికొచ్చాను.

రిక్షాలో ఇంటికొచ్చాం. అమ్మాయికి ఫోను చేసి జరిగింది చెబితే, బాపట్లలో పాత మిషన్లు బాగుచేసి అమ్మే ఒకాయన ఉన్నాడంది. మావారు వద్దంటున్నా వినకుండా పొద్దున ప్యాసింజరు ఎక్కాం. ఈడ్చే కాలితో రైలెక్కించడం, దింపడం మాటలా? ఇద్దరు తోటి ప్రయాణికులు, ఒక బఠాణీలమ్మే ఆయన కలిసి ఎక్కించారు. ఎక్కాక కిటికీ దగ్గర కూర్చుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, "ఇక్కడా కాకపోతే ఇంక అడగనులే" అంది. అంత నెమ్మదిగా ఆవిడ మాట్లాడితే నేను తట్టుకోలేను. నేనే అవతలి కిటికీ వైపు తిరిగాను.

షాపు అంటే షాపు కాదు, నూనె వాసన కొట్టే ఇరుకు గది. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి, "ఎవరికమ్మా మిషను?" అని నన్నడిగాడు. "నాకే" అంది వదిన. ఆయన ఆవిడను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. ఇంక మొదలవుతుందిరా దేవుడా, అయ్యయ్యోలు, అనుకున్నాను. ఆయన అడిగిందేమిటో తెలుసా? "ఏ కాలు బాగుందమ్మా?" అని.

మీరే చెప్పండి, అన్ని నెలల్లో ఎంతమంది వచ్చి చూసి వెళ్ళారు! ఒక్కరు అడిగారా ఏది బాగుందని? వదిన నిటారుగా కూర్చుంది. "కుడికాలు. కుడిచెయ్యి. నోరు కూడా బానే ఉందిలే" అంది. ఆయన నవ్వాడు. నెలల తర్వాత వదిన కూడా నవ్వింది.

మూల నుంచి ఒక నల్లటి పాత మిషను తల, అంటే కింది స్టాండు లేకుండా పైభాగం మాత్రం, తెచ్చి బల్ల మీద పెట్టాడు. బంగారు రంగు పువ్వులు సగం చెరిగిపోయి ఉన్నాయి. దానికి తిన్నని కుట్టు తప్ప ఇంకేమీ రాదు. సూది దిగే చోట ఒక్క చిన్న చిల్లే ఉంది. రకరకాల కుట్లు వేసే మిషనుకైతే అక్కడ పొడుగు చీలిక ఉంటుందట, మా పాత మెత్తటి గుడ్డ అందులోకి దిగబడుతుందట. దీని పాదం ఎత్తుకి లేస్తుంది, కింద గుడ్డను నెట్టే పళ్ళు గట్టివి, మెడ పొడుగు కాబట్టి చుట్టిన బొంత దాని కింద నుంచి దూరిపోతుంది. ఇవన్నీ ఆయన చెప్పాడు, వదిన ప్రతిదీ వేలు పెట్టి తడిమి చూసింది. తర్వాత ఆయన దానికి మోటారు బిగించి, కింద నొక్కే పెడలు పెట్టి, "చక్రంతో పనిలేదమ్మా. కాలితో నొక్కండి, చెయ్యి గుడ్డ మీదే ఉంచుకోండి" అన్నాడు. మా బొంత పెట్టి నొక్కింది. టకటకా వెళ్ళిపోయింది. మరీ జోరుగా వెళ్ళిపోయి వదిన కెవ్వుమంది. ఆయన ఏదో సర్ది, మోటారు వేగం తగ్గించాడు. ఈసారి నెమ్మదిగా, అడుగులో అడుగు వేసుకున్నట్టు వెళ్ళింది. వదిన కళ్ళు తుడుచుకోలేదు, ఎందుకంటే ఉన్న ఒక్క చెయ్యీ గుడ్డ మీద ఉంది.

అంతటితో కథ సుఖాంతం అనుకుంటున్నారేమో. అసలు తంటా ఇంటికొచ్చాక మొదలైంది. మా అత్తగారి చీరలు నాలుగు దాచి ఉంచింది వదిన. అమ్మాయి బిడ్డకు వాటితోనే. ఎడమచెయ్యి లేదు కాబట్టి గుడ్డ కదలకుండా మా పాత ఇత్తడి ఇస్త్రీపెట్టె తెచ్చి దాని మీద పెట్టుకుంది. "ఇదే నా ఎడమ చెయ్యి. నోరు మెదపదు, తిండి అడగదు" అంది. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ లోపలికి వచ్చింది. చివరికి తీసి మంచం మీద పరిస్తే, అంచులు బిగిసిపోయి, మధ్యలో నూనెలో వేసిన అప్పడంలా ఉబ్బి కూర్చుంది! అరచేత్తో అణిచింది. ఇటు అణిస్తే అటు లేచింది. పసిగుడ్డును దాని మీద పడుకోబెడితే దొర్లిపోవడం ఖాయం.

వదిన అన్నం తినలేదు. మిషను తప్పా, చెయ్యి తప్పా అని ఒకటే గొణుగుడు. నేను చపాతీలు వత్తుతుంటే వంటింటి గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఉన్నట్టుండి, "ఏమే, నువ్వు మధ్య నుంచి అంచుకు తోస్తున్నావు" అంది. "మరి? అంచు నుంచి లోపలికి వత్తితే మడతలు పడదూ?" అన్నాను. ఇద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. చేత్తో కుట్టేటప్పుడు వేళ్ళతో సర్దుకుంటూ రావచ్చు. మిషను అలా కాదు, గుడ్డను ముందుకు నెడుతూ పోతుంది. నెట్టిన గుడ్డంతా మధ్యకు చేరుతుంది.

దారి దొరికిందని నేను సంతోషిస్తుంటే, వదిన మొహం ఇంకా చిన్నబోయింది. "అంచు ముందు కట్టమని అమ్మ చెప్పింది కదే. ఇన్నేళ్ళూ అలాగే కుట్టాను. అమ్మ చీరల మీదే అమ్మ మాట తప్పనా?" అంది. ఆవిడ మనసులో అసలు బాధ అదన్నమాట. పిండి చేతులతోనే పక్కన కూర్చున్నాను. "అత్తయ్య ఎప్పుడైనా ఒంటి చేత్తో కుట్టారా వదినా? కుట్టి ఉంటే ఆవిడే నీకు ఇలా చెప్పేది" అన్నాను. వదిన పొయ్యి వైపు చూసింది. "చపాతీ మాడుతోంది చూడు" అంది. అంటే ఒప్పుకుందని అర్థం.

ఆ బొంత కుట్టంతా విప్పాం. నేను బ్లేడుతో తెంచుతుంటే ఆవిడ దారాలు ఏరింది. మళ్ళీ మధ్యలో ఒక గీత, దాని పక్కన ఇంకోటి, అలా అంచుల దాకా. మధ్యలో కరెంటు పోయినప్పుడల్లా కరెంటువాళ్ళ వంశాన్నంతా తిట్టేది. బొంత నీళ్ళలా పరుచుకుంది. పురిటి రోజు మనవరాలిని దాని మీద పడుకోబెట్టాం. వెంటనే తడిపింది. అయ్యో అని అందరూ ఎత్తబోతే, "ఉండండే! ఇప్పుడు బొంత అయింది" అని వదిన అందరినీ ఆపేసింది.

తర్వాత ఆ గదిలో మిషను చప్పుడు లేని రోజు లేదు. మా వీధిలో, అంగలకుదురులో, రేపల్లె పాతవాళ్ళలో ఎవరికి నెలలు నిండినా చీరల మూట మా ఇంటికి వచ్చేది. నాతో పోట్లాటలు కూడా పూర్వంలాగే మొదలయ్యాయి. ఉప్పు సంగతి కూడా. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఈ ఏడు వేసవి నుంచి ఆవిడ కుడికాలు కూడా మొరాయించింది. నీరు పట్టి, పెడలు మీద ఆనేది కాదు. నేను భయపడ్డాను, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుంటుందేమోనని. తనే పిలిచింది. "ఏమే, కుర్చీ తెచ్చుకో. నీ కాలు అరువియ్యి." అప్పటి నుంచి ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్ళం. గుడ్డ మీద ఆవిడ చెయ్యి, పెడలు మీద నా కాలు. ఆవిడ "ఊఁ" అంటే నొక్కాలి, "ఆఁ" అంటే ఆపాలి. ఒక క్షణం ఆలస్యమైతే, "నీ కాలికి చెవుడా?" అనేది. మొదట్లో ఊఁ అన్నా వినిపించేది కాదు. పోను పోను ఆవిడ ఊపిరి తీసుకునే తీరును బట్టే నా కాలికి తెలిసిపోయేది. అయినా ఊఁ అనకుండా నొక్కితే ఒప్పుకునేది కాదు. "నేను చెప్పాక. గుడ్డ నా చేతిలో ఉంది" అనేది.

పోయిన నెల ఒకరోజు మధ్యాహ్నం భోంచేసి పడుకుంది. టీ ఇద్దామని లేపితే లేవలేదు.

పెద్దకర్మ అయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. వీధి చివరి ఇంటమ్మాయికి నెలలు నిండాయి, దాని బొంతకు ఇంకా కొన్ని గీతలే మిగిలాయి. పూర్తి చేసి ఇద్దామని నిన్న మిషను ముందు కూర్చున్నాను. నాకు రెండు చేతులూ ఉన్నాయి, రెండు కాళ్ళూ ఉన్నాయి, మోటారుకు కరెంటు కూడా ఉంది. గుడ్డ సర్దాను, పాదం దించాను, పెడలు మీద కాలు పెట్టాను. పెట్టి అలాగే కూర్చున్నాను. చాలాసేపటి తర్వాత తెలిసింది, నేను "ఊఁ" అనే మాట కోసం చూస్తున్నానని.